సున్నపుగుట్టలో ట్యూలిప్ వసంతం

మా సున్నపుగుట్ట ఎండలకు పెట్టింది పేరు. మార్చి వచ్చిందంటే మున్సిపల్ ఆఫీసు ఇనుప గేటును ఎవరూ చేత్తో ముట్టుకోరు, కాలితో నెడతారు. పల్నాటి సున్నపురాయి మీద కట్టుకున్న ఊరు మాది. పొద్దున్న కాగిన రాయి సాయంత్రం దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. అలాంటి ఊళ్ళో ట్యూలిప్ తోట పెంచాలని అక్టోబరులో పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

పథకం పేరు 'వసంత వర్ణ శోభ'. ప్రతి పురపాలక సంఘమూ వచ్చే వసంత ఋతువులో ప్రజల దర్శనార్థం పధ్నాలుగు వందల ట్యూలిప్ పూలను, ఏడు రంగులకు తగ్గకుండా, పూయించవలెను. పూయని పక్షంలో అది సంబంధిత సిబ్బంది నిర్లక్ష్యంగా పరిగణించబడును. ఎండ సంగతి ఉత్తర్వు రాసినవారు మరిచిపోయారని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నాలుగో పేజీలో స్పష్టంగా రాశారు: 'స్థానిక వాతావరణ పరిస్థితులను సాకుగా చూపరాదు.'

నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క ఉత్తర్వును కూడా ఇది సాధ్యమా అని అడిగినవాణ్ణి కాదు. నా పని ఫైలు తెరవడం. తెరిచాను.

కమిషనర్ పరంధామరావు గారు ఆ ఉత్తర్వును రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రెండేళ్ళ కిందట ఆయన శిక్షణ కోసం ఏదో మంచు ప్రాంతానికి వెళ్ళి ట్యూలిప్‌ల మధ్య నిలబడి ఫొటో దిగారు. ఆ ఫొటో ఆయన కుర్చీ వెనకాలే ఉంటుంది.

"మన ఊరికి చలి లేదంటారు. చలి అన్నది సంకల్పానికి సంబంధించిన విషయమయ్యా" అన్నారు నాతో. ఆ వాక్యాన్ని ఫైలులో రాసుకోమన్నారు. రాసుకున్నాను.

తోటపని తెలిసిన మనిషి మా ఆఫీసులో ఒక్కతే ఉంది. పేరు గురవమ్మ. పందొమ్మిదేళ్ళుగా మున్సిపల్ పార్కులో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. బంతి, కనకాంబరం, గన్నేరు, ఆమె చేయి పడితే రాళ్ళ సందున కూడా లేస్తాయి. ఆమెను పిలిచి ట్యూలిప్ బొమ్మ చూపించాం. ఒక చేత్తో కొంగు సర్దుకుంటూ, రెండో చేత్తో బొమ్మను దూరంగా పట్టుకుని చూసింది.

"ఇయ్యి ఉల్లిగడ్డల్లాంటి గడ్డల్నుంచి వస్తయ్యా సారూ? చలిదేశం పువ్వులు. మన కాడ నిలవవు. బంతి నారు పోస్తా, ఏడు రంగులు కాకపోయినా మూడు రంగులన్నా కళకళలాడిద్ది" అంది.

"గురవమ్మా, సాకు చూపరాదని ఉత్తర్వులో ఉంది" అన్నారు కమిషనర్ గారు.

"నేను సాకు చూపట్లా సారూ. సూర్యుణ్ణి చూపిస్తన్నా" అని కిటికీ వైపు చెయ్యి చూపింది.

ఉద్యాన విభాగం ఓవర్సీయర్ కోటిలింగం లేచి వెళ్ళి కిటికీ తెర వేశాడు.

గడ్డలు కొనాలంటే ముందు రంగులు ఎంపిక చెయ్యాలి. అందుకు కౌన్సిలర్లలోంచి ఏడుగురితో వర్ణ నిర్ణయ ఉపసంఘం ఏర్పడింది. మీటింగుకు నర్సరీవాళ్ళు పంపిన రంగుల పుస్తకం వచ్చింది. పుస్తకం నిండా మహా అందమైన పూలు. అంచుల్లో పసుపు చార ఉన్న ఎరుపు, పొద్దువాలే వేళ ఆకాశంలాంటి నారింజ, నేరేడుపండు ఊదా. ఆ అందం ఉపసంఘం ముందు పది నిమిషాలు కూడా నిలవలేదు. పసుపు పెడితే ఒక పార్టీకి ప్రచారం చేసినట్టని ఇద్దరు లేచారు. నీలం ఛాయ ఉన్నవి పెడితే తాము వాకౌట్ చేస్తామని ఇంకో ఇద్దరు లేచారు. ఎరుపు, నారింజ, గులాబీ, ఒక్కొక్కటీ ఎవరో ఒకరి జెండాకు చుట్టమే. తెలుపు మీద అభ్యంతరం లేదుగానీ, పార్కంతా తెల్లపూలు పెడితే ఊళ్ళో ఏదో జరిగిందని జనం అనుకుంటారని ఉపాధ్యక్షులు అన్నారు.

చివరికి ఊదా మిగిలింది. అది ఏ పార్టీదీ కాదని అందరూ ఊపిరి పీల్చుకునేలోగా పదమూడో వార్డు కౌన్సిలర్ గొంతు సవరించుకున్నాడు. తను త్వరలో పార్టీ మారబోవడం లేదనీ, సొంత పార్టీయే పెట్టబోతున్నాననీ, జెండాకు ఊదారంగే అనుకున్నాననీ చెప్పాడు.

కమిషనర్ గారు పరిష్కారం కనిపెట్టారు. ఏడు రంగులూ తెప్పిస్తారు. రంగుకు రెండు వందల గడ్డలు. అయితే సంచుల మీది చీటీలు తీసేసి గడ్డలన్నీ కలిపేస్తారు. ఏ మొక్క ఏ రంగో పూసేదాకా ఎవరికీ తెలియదు. 'రంగు అనునది పుష్పించిన పిమ్మట మాత్రమే నిర్ణయించబడును' అని తీర్మానం రాశాను. నవంబరు చివర గడ్డలు వచ్చిన రోజు ఏడుగురు సభ్యులూ పార్కులో గుండ్రంగా నిలబడ్డారు. వాళ్ళ సమక్షంలో చీటీలన్నీ తగలబెట్టారు.

"చీటీల మీద ఏది ముందు పూసేదో, ఏది తరవాత పూసేదో రాసి ఉండిద్ది గదా సారూ. అది కూడా తగలబెడితిరి" అని గురవమ్మ నాతో మెల్లగా అంది. ముందూ వెనకా అన్నది కూడా వివాదాస్పదమేనని ఆమెకు నచ్చజెప్పాను.

గడ్డలతో పాటు ఒక కాగితం వచ్చింది. నాటే ముందు వాటిని పన్నెండు వారాలు గట్టి చలిలో ఉంచాలట. అలా ఉంచకపోతే పువ్వు రాదట. గురవమ్మ ఆ సాయంత్రమే వెళ్ళి మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమానితో మాట్లాడి వచ్చింది. ఒక మూల ఊరికే ఇస్తానన్నాడట ఆయన. సమస్య అక్కడితో తీరిపోయేదేగానీ కోటిలింగం పదకొండో నిబంధన తీసి చదివాడు. పథకం గడ్డలు ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తిని ప్రైవేటు ఆవరణలో ఉంచరాదు.

మొదట కమిషనర్ గారి ఏసీ గదిలో పెట్టి చూశాం. గడ్డల కోసం ఏసీని చివరికంటా తగ్గించారు. ఆయన నాలుగు రోజులు మంకీక్యాప్ పెట్టుకుని, ముక్కు తుడుచుకుంటూ సంతకాలు చేశారు. అయినా ఆ చలి చాలదని తేలింది. ఆఫీసుకు సొంతంగా అంతకన్నా చల్లని వస్తువు ఏదైనా ఉందా అని ఆస్తుల రిజిస్టరు తిరగేశాను. డెబ్భై మూడో పేజీలో దొరికింది. పార్కు వెనక షెడ్డులో రెండు ఫ్రీజర్ బాక్సులున్నాయి. అద్దె పెట్టె తెచ్చుకోలేని పేదవాళ్ళ ఇళ్ళలో ఎవరైనా పోతే, దూరాన ఉన్నవాళ్ళు వచ్చేదాకా శవాన్ని ఉంచుకోవడానికి ఉచితంగా ఇచ్చేవి.

కమిషనర్ గారు షెడ్డుకు స్వయంగా వచ్చి పెట్టె చుట్టూ తిరిగారు.

"సరిపడా చలి. అద్దం మూత. లోపల లైటు కూడా ఉందే! రేపు ప్రదర్శనకూ ఇదే పనికొస్తుంది" అని మురిసిపోయారు.

"మరి ఎవరన్నా పోతే ఏంది సారూ?" అంది గురవమ్మ.

"ఇది మూడు నెలల వ్యవహారమే కదమ్మా. ప్రజలు సహకరిస్తారు" అన్నారు.

ప్రజలు సహకరించాలంటే ముందు వాళ్ళకు తెలియాలి. నోటీసు నేనే తయారు చేశాను: 'డిసెంబరు ఒకటి మొదలు మార్చి మొదటి వారం వరకు ఫ్రీజర్ బాక్సులు వసంత వర్ణ శోభ కార్యక్రమంలో నిమగ్నమై ఉన్నందున, అత్యవసరమైతే తప్ప పౌరులు వాటిని కోరరాదు. కోరువారు నిర్ణీత నమూనాలో పదిహేను రోజులు ముందుగా అర్జీ పెట్టుకొనవలెను.' ఈ నిబంధన మీద ఊళ్ళో ఒక్క అభ్యంతరం కూడా రాలేదు. అర్జీ కూడా ఒక్కటీ రాలేదు. పదిహేను రోజులు ముందుగా రాగలిగినవారు లేకపోయారు.

జనవరిలో అయిదుగురు పోయారు. రెండు కుటుంబాలవాళ్ళు షెడ్డు దాకా వచ్చి అద్దంలోంచి గడ్డల ట్రేలు చూసి వెళ్ళారు. ఒకాయన కోటిలింగాన్ని బతిమాలాడు. "ఆ గడ్డలకు ప్రాణం ఉందయ్యా. మీవారికి లేదు. ఎవరికి చలి అవసరమో నువ్వే చెప్పు" అన్నాడు కోటిలింగం. ఆయన ఐసు ఫ్యాక్టరీ దారి అడిగి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి పద్దెనిమిదో తారీఖు ఉదయం నాసరయ్య పోయాడు. పార్కు వెనక సందులో ఉండేవాడు. నలభై ఏళ్ళు సున్నం బట్టీలో పనిచేసిన ముసలాయన. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేవాడు. కనుబొమల మీది సున్నం పోయి నెరుపు వచ్చినా తేడా తెలిసేది కాదు. భార్య దీనమ్మ. ఒక్కతే కూతురు, కరుణ. పూణేలో కట్టడాల పనికి పోయింది. కబురు అందగానే రైలెక్కింది. మర్నాటి సాయంత్రానికి గానీ చేరదు. ఆ ఏడు ఫిబ్రవరిలోనే రోడ్ల మీద తారు మెత్తబడింది.

పదిన్నరకు గురవమ్మ కమిషనర్ గారి గదిలోకి వచ్చింది. నేనూ కోటిలింగమూ అక్కడే ఉన్నాం.

"నాసరయ్య బాబాయి పోయాడు సారూ. మా గోడ పక్కిల్లే. బిడ్డ రేపు పొద్దుగూకేసరికి వచ్చిద్ది. ఒక్క పెట్టె ఇయ్యండి. ఒక్క రోజే."

కమిషనర్ గారు నిజంగానే బాధపడ్డారు. "చాలా విచారకరం. కానీ పదకొండు వారాలు పూర్తయ్యాయమ్మా. ఇంకొక్క వారం. ఇప్పుడు గడ్డల్ని బయటికి తీస్తే వాటి జీవక్రియ దెబ్బతింటుంది. సున్నితమైన ప్రాణులు."

"అర్జీ కూడా లేదు సార్. పదిహేను రోజుల ముందు రావాలి" అన్నాడు కోటిలింగం.

"పోతానని బాబాయి పదిహేను రోజుల ముందు చెప్పలేదయ్యా!"

"అది వారి వైపు లోపం" అన్నాడు కోటిలింగం.

గురవమ్మ మా ముగ్గురి మొహాలూ ఒకదాని తరవాత ఒకటి చూసింది. నేను ఫైలు తాడు ముడి వేసుకుంటూ కూర్చున్నాను. ఆమె తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

షెడ్డు తాళం ఆమె దగ్గరే ఉంటుంది. పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఒక పెట్టెలోని ట్రేలన్నీ తీసి తోపుడు బండి మీద పేర్చింది. వాటి మీద తడి గోనెపట్టాలు కప్పింది. బండిని తనే తోసుకుంటూ వెళ్ళి మిర్చి కోల్డ్ స్టోరేజీలో దింపి వచ్చింది. తరవాత అదే బండి మీద ఖాళీ పెట్టెను దీనమ్మ ఇంటికి తోసుకుపోయింది. ఆఫీసు కిటికీ తెర సందులోంచి నేను చూశాను. పెట్టె బరువుకు బండి ఒరిగినప్పుడల్లా ఆమె ఆగి, భుజం ఆనించి, మళ్ళీ తోసింది. చూసిన సంగతి ఫైలులో రాయలేదు. నా సర్వీసులో అదే మొదటి లోపం.

మర్నాడు సాయంత్రం కరుణ వచ్చి తండ్రి మొహం చూసుకుంది. ఆ రాత్రి కాకముందే సమాధి చేశారు. ఇరవయ్యో తారీఖు పొద్దున్నే గురవమ్మ పెట్టెను కడిగి తుడిచి షెడ్డులో పెట్టింది. పది గంటలకు ఆమెకు మెమో ఇచ్చాం.

మెమో చిత్తు నాదే. 'ప్రభుత్వ ఆస్తిని అనుమతి లేకుండా తొలగించి' అని రాస్తే, కమిషనర్ గారు కొట్టేసి తమ చేత్తో దిద్దారు: 'సజీవ ప్రభుత్వ ఆస్తిని తొలగించి, ఆ స్థానమందు నిర్జీవ ప్రైవేటు వ్యక్తిని ప్రవేశపెట్టి, పథక లక్ష్యాలకు భంగం కలిగించినందున, మీ కాంట్రాక్టును ఎందుకు రద్దు చేయరాదో నెల రోజులలోగా సంజాయిషీ సమర్పించవలెను.' మాట పొందిక చూసి ఆయనే ఒకసారి పైకి చదువుకున్నారు.

గురవమ్మకు రాయడం రాదు. సంజాయిషీ రాసిపెట్టమని నా దగ్గరికే వచ్చింది.

"ఏం రాయమంటావు?"

"బిడ్డ తండ్రి మొహం చూసుకుంది అని రాయండి."

"అది సంజాయిషీ కాదు గురవమ్మా."

"మరి ఏది సంజాయిషీనో మీరే చెప్పండి సారూ. ఇన్నేళ్ళు కాయితాల్లో ఉన్నారు గదా."

కలం మూత తీశాను. మళ్ళీ పెట్టేశాను.

ఈలోగా గడ్డలు తమ పని తాము చేసుకుపోయాయి. షెడ్డులో మిగిలిన రెండో పెట్టెకు కరెంటు కోతలు తగిలి, అందులోవి సగానికి సగం కుళ్ళిపోయాయి. మిర్చి బస్తాల పక్కన పెట్టినవి మాత్రం పచ్చని మొలకలు వేశాయి. కోటిలింగం వాటిని గురవమ్మకు తెలియకుండా తీయించి, ఉత్తర్వు ప్రకారం పార్కులో బహిరంగ ప్రదేశంలో నాటించాడు. మూడు రోజుల్లో వందల మొక్కలు ఉడికిన తోటకూరలా వాలిపోయాయి. గురవమ్మ ఏం చెయ్యగలదో అది చేసింది. తన నీడ పందిరి కింద కుండీల్లో మార్చిపెట్టుకున్న కొన్నిటికి పొద్దునా సాయంత్రమూ కుండనీళ్ళు పోసింది. మార్చి పంతొమ్మిదికి లెక్క తేలింది. పధ్నాలుగు వందల గడ్డలకు పదకొండు పూలు. నాలుగు రంగులు. జానెడు ఎత్తుకూడా లేవుగానీ, చెప్పకపోతే పాపం, చాలా అందంగా ఉన్నాయి.

మర్నాడే మంత్రిగారు పథకం చూడటానికి వస్తున్నారు.

"పదకొండైనా పూలే. బయట పెడితే ఆయన వచ్చేలోగా వాలిపోతాయి. పెట్టెలో పెట్టండి!" అన్నారు కమిషనర్ గారు.

పార్కు గేటు దగ్గర షామియానా వేశారు. దాని కింద బల్ల మీద ఫ్రీజర్ బాక్సు పెట్టి, అందులో పదకొండు కుండీలు సర్ది లైటు వేశారు. ఏడు రంగుల లోటు కనపడకుండా పెట్టె చుట్టూ బంతి, చామంతి, గులాబీ రేకలు గుట్టలుగా పోశారు. నాలుగు మూలలా సాంబ్రాణి కడ్డీలు వెలిగించమన్నది కోటిలింగం ఆలోచన. ఎండకూ చలికీ మధ్య అద్దం మీద తెల్లగా ఆవిరి కమ్ముకుంది. లోపల ఏముందో కనపడలేదు.

మంత్రిగారు గంటన్నర ఆలస్యంగా, ఇంకో ఊరికి పోయే తొందరలో దిగారు. కారు దిగుతూనే షామియానా వైపు చూసి ఆగిపోయారు. బ్యాండువాళ్ళను చేత్తో ఆపారు. చెప్పులు విడిచారు. నడిచి వచ్చి పెట్టె ముందు నిలబడి, చేతులు జోడించి, తల వంచారు.

ఆయన వెనకే వచ్చినవాళ్ళంతా చెప్పులు విడిచారు. ఎస్సై టోపీ తీశాడు. కౌన్సిలర్లు తలలు వంచారు. కమిషనర్ గారు కూడా వంచారు. మంత్రిగారు పొరబడితే ఎవరు, ఏ హోదాలో దిద్దాలో ఏ ఉత్తర్వులోనూ లేదు. రెండు నిమిషాలు పార్కంతా నిశ్శబ్దం.

మంత్రిగారు తల ఎత్తి, గొంతు తగ్గించి అడిగారు. "ఎవరయ్యా?"

కమిషనర్ గారు కోటిలింగం వైపు చూశారు. కోటిలింగం నా వైపు చూశాడు. నేను సాంబ్రాణి కడ్డీ వైపు చూశాను.

పెట్టె వెనక నుంచి గురవమ్మ గొంతు వినబడింది.

"నాసరయ్యండీ. నలభై ఏళ్ళు సున్నం బట్టీలో చేశాడు."

మంత్రిగారి కళ్ళు చెమ్మగిల్లాయి. మైకు అందుకున్నారు. నాసరయ్య మృతి కార్మికలోకానికి తీరని లోటన్నారు. ఒక సామాన్య కార్మికుడిని ఇంత గౌరవంగా, పూల మధ్య పడుకోబెట్టిన పురపాలక సంఘం రాష్ట్రానికే ఆదర్శమన్నారు. కమిషనర్ గారి మానవత్వాన్ని మెచ్చుకుంటూ ఆయన భుజం తట్టారు. ఈ పార్కుకు నాసరయ్య పేరు పెట్టాలని అక్కడికక్కడే ప్రకటించి, చెప్పులు తొడుక్కుని కారెక్కారు. ట్యూలిప్‌ల మాట అడగడానికి టైము లేకపోయింది.

మర్నాడు పత్రికల్లో ఫొటో వచ్చింది. ఆ పూట కమిషనర్ గారు గది తలుపులు వేయించారు.

"మంత్రిగారు నాసరయ్యకు నివాళి అర్పించారు. కాబట్టి నాసరయ్య పెట్టెలో ఉన్నట్టే. కానీ మన రికార్డులో అతనికి పెట్టె ఇచ్చిన దాఖలా లేదు. ఇప్పుడు మంజూరు ఉత్తర్వు తయారు చెయ్యి" అన్నారు నాతో.

"తేదీ సార్?"

"ఫిబ్రవరి పద్దెనిమిది నుంచి మార్చి ఇరవై వరకు."

"ఫిబ్రవరి పంతొమ్మిదినే సమాధి చేశారండీ" అన్నాడు కోటిలింగం.

"అది భౌతికంగా" అన్నారు కమిషనర్ గారు.

ఉత్తర్వు టైపు చేశాను. గురవమ్మ కమిషనర్ గారి మౌఖిక ఆదేశాల మేరకే పెట్టెను తరలించినట్టు రాసి, ఆమె మెమో రద్దు చేశాను. పథకం నివేదికలో పధ్నాలుగు వందల పూలనూ దివంగతుని గౌరవార్థం వినియోగించడమైనదని రాశాను. పై అధికారుల నుంచి అభినందన వచ్చింది. సంజాయిషీ అక్కర్లేదని చెబితే గురవమ్మ, "అట్నా. సరే" అని, ట్యూలిప్ మడి దున్ని బంతి నారు పోయడానికి వెళ్ళిపోయింది.

ఒక్క పని మిగిలింది. మంజూరు ఉత్తర్వు నకలు ఇచ్చి, ఇంటివాళ్ళ చేత అందినట్టు వేలిముద్ర తీసుకోవాలి. స్టాంపు ప్యాడ్ తీసుకుని, మధ్యాహ్నం ఎండలో పార్కు వెనక సందులోకి వెళ్ళాను. దీనమ్మ వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఏంది బాబూ ఇది?"

"మీ ఆయనకు ఫ్రీజర్ బాక్సు మంజూరయిందమ్మా."

ఆమె చేట పక్కన పెట్టింది. "ఆయన పోయి నెల దాటింది గదా."

"రికార్డు కోసం. ఇక్కడ వేలిముద్ర వెయ్యాలి. లబ్ధిదారు అన్న చోట."

"లబ్ధిదారంటే?"

"మేలు పొందినవారు."

ఆమె ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "పింఛను కాయితం కోసం బతికుండగా తొమ్మిది సార్లొచ్చాడు బాబూ మీ ఆపీసుకి. ఒక్కసారి కూడా కూచోమన్నవాళ్ళు లేరంట. కాళ్ళు పీకుతున్నయ్యని ఇంటికొచ్చి పడుకునేవాడు. ఇప్పుడు మంత్రిగారే ఆయన ముందు చెప్పులిడిచి నిలబడ్డాడంటనే! గురవమ్మ చెప్పింది" అంది. ఆమె గొంతులో కోపం లేదు. వింత ఉంది.

అప్పుడు గుర్తొచ్చినట్టు లేచి, గోడకు ఆనించిన నులకమంచం వాల్చింది. కొంగుతో దుమ్ము దులిపింది.

"కూచో బాబూ. ఎండన పడి వచ్చావు."

పింఛన్ల సెక్షను కూడా నాదేనని ఆమెకు తెలుసో, తెలియదో. స్టాంపు ప్యాడ్ మూత తీసి పట్టుకుని, నిలబడే వేలిముద్ర తీసుకున్నాను.